డ్యూకు గారి మేడ ఏమైంది?

ఇంగ్లండు పేరెత్తితే మన కూలిపేటల్లో చాలామందికి దొరలే గుర్తొస్తారు. ఆ దేశంలో తెల్లతోలు ఉన్నవాళ్ళంతా దొరలేననీ, కోతలు కోసేవాళ్ళూ పశువులు కాసేవాళ్ళూ అసలుండరనీ ఒక నమ్మకం. ఆ మధ్య ఒక ఊళ్ళో రాత్రి మీటింగు అయ్యాక ఒక అక్క అడిగింది: “అక్కడ పొలం పని ఎవరు చేస్తారు తమ్ముడూ, అంతా యంత్రాలేనా?” యంత్రాలు వచ్చింది మొన్న మొన్న. అంతకు ముందు వందల ఏళ్ళు అక్కడా మనలాంటివాళ్ళే నాగలి పట్టారు, కొడవలి పట్టారు, వానలో తడిశారు, కూలి పెంచమని అడిగి జైళ్ళకు పోయారు. వాళ్ళ సంగతి తెలియాలంటే ఒక మేడ సంగతి చెప్పుకోవాలి. ఆ మేడ ఇప్పుడు లేదు.

ఇంగ్లండు నడిబొడ్డున నాటింగ్‌హామ్‌షైర్ అని ఒక జిల్లా. అందులో వర్క్‌సప్ అనే పట్నానికి దగ్గర్లో క్లంబర్ పార్కు ఉంది. 3,800 ఎకరాలు. అడవి ఉంది, పచ్చిక బయళ్ళున్నాయి, 87 ఎకరాల చెరువుంది. రోడ్డుకి రెండు పక్కలా రెండేసి వరసలుగా రెండు మైళ్ళ పొడుగున నీడచెట్లున్నాయి. వాటిని లైమ్ చెట్లంటారు గాని మన నిమ్మ కాదు, అది వేరే జాతి. లెక్కపెడితే 1,296 అట. ఆకాశమంటే గోపురంతో ఒక చర్చి ఉంది. గుర్రపుశాలలున్నాయి. నాలుగు పక్కలా ఎత్తయిన గోడ కట్టిన కూరగాయల తోట ఉంది. పనివాళ్ళ కోసం కట్టిన చిన్న పల్లె ఉంది. ఇవన్నీ ఎవరి కోసమో ఆ మనిషి కాపురమున్న మేడ మాత్రం లేదు. చెరువు ఒడ్డున గడ్డిలో పునాదుల ఆనవాళ్ళే మిగిలాయి. 1938లో దాన్ని విప్పేసి, రాయి, కలప, కిటికీ అన్నీ వేలం వేశారు.

ఆ మేడ న్యూకాజిల్ డ్యూకులది. డ్యూకు అంటే ఆ దేశంలో రాజకుటుంబం తర్వాత అంతటి పెద్ద బిరుదు. మన జమీందారుకీ సంస్థానం రాజుకీ మధ్య రకం అనుకుంటే సరిపోతుంది. ఆ చుట్టుపక్కల ఇలాంటి డ్యూకులు ఒకరి గట్టు పక్కన ఒకరు ఉండేవాళ్ళు కాబట్టి ఆ ప్రాంతానికే డ్యూకరీస్ అని పేరొచ్చింది. డ్యూకులపేట అన్నమాట.

అడవికి కంచె ఎలా పడింది

దొరల్ని దోచి పేదలకు పెట్టాడని కథలు చెప్పుకునే రాబిన్ హుడ్ పేరు మీరు వినే ఉంటారు. ఆ కథలోని షెర్‌వుడ్ అడవి ఇదే. 1707లో అప్పటి డ్యూకు జాన్ హోలెస్ ఈ అడవిలో సుమారు 3,000 ఎకరాలకు కంచె వేసుకోవడానికి అనుమతి పుచ్చుకున్నాడు. ఎందుకయ్యా అంటే రాణి ఆన్ గారికి జింకల వేట కోసం. రాణి పేరు చెప్పి వేసిన కంచె డ్యూకుకే మిగిలింది. 1760 తర్వాత స్టీఫెన్ రైట్ అనే శిల్పి చేత మేడ కట్టించారు. పౌల్టర్ అనే చిన్న ఏటికి అడ్డం కట్టి, పదిహేనేళ్ళు మట్టి తవ్వించి చెరువు చేశారు. నీళ్ళు పొలాలకు కావు సుమండీ. మేడ కిటికీలోంచి చూడ్డానికి.

ఇది ఒక్క క్లంబర్ కథే అయితే ఇంత చెప్పక్కర్లేదు. 1604 నుంచి 1914 దాకా ఇంగ్లండు పార్లమెంటు ఇలా కంచెలు వేసుకోనిస్తూ 5,200కు పైగా చట్టాలు చేసింది. 68 లక్షల ఎకరాలు. ఆ దేశం మొత్తం నేలలో ఐదో వంతు పైచిలుకు. అంతకుముందు ఊరికి ఉమ్మడి బీడు ఉండేది. పేదవాడు అక్కడ ఒక ఆవునో నాలుగు బాతులనో మేపుకునేవాడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాడు. కోత అయ్యాక పొలంలో పరిగె ఏరుకునేవాడు. కూలి దొరకని నెలల్లో వాడి ప్రాణం నిలిపింది ఆ బీడే. కంచె పడ్డాక వాడికి మిగిలింది రెండు చేతులు. ఆ రెండు చేతుల్ని రోజుకింత అని అద్దెకివ్వడం తప్ప గతి లేదు. చట్టం పుస్తకాల్లో దీన్ని భూమి మెరుగుదల అని రాసుకున్నారు. మెరుగైంది ఎవరికో రాయలేదు.

కంచె పడకముందు ఊరు ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పటికీ ఒక ఊరు మిగిలి ఉంది. అది క్లంబర్‌కు కొద్ది మైళ్ళ దూరంలోని లాక్స్‌టన్. దాని సంగతి చివర్లో చెబుతాను.

“నా సొమ్ము నా ఇష్టం”

ఈ వంశంలో నాలుగో డ్యూకు (1785–1851) గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఓటు బాహాటం. రహస్యంగా పెట్టెలో వేసేది కాదు. అందరి ముందూ నిలబడి ఫలానావాడికి అని నోటితో చెప్పాలి, గుమాస్తా పుస్తకంలో రాసుకుంటాడు. ఎవడు ఎవడికి వేశాడో సాయంత్రానికి దివాణంలో తెలిసిపోతుంది.

న్యూఆర్క్ అనే పట్నంలో డ్యూకుకు ఇళ్ళూ పొలాలూ చాలా ఉండేవి. అక్కడ చేతిపనివాళ్ళకు, చిన్న చిన్న దుకాణందార్లకు కూడా ఓటుండేది. 1829లో ఉప ఎన్నిక వచ్చింది. డ్యూకు తన మనిషిగా మైకేల్ శాడ్లర్‌ని నిలబెట్టాడు. ఎదుటి పక్షం తరఫున వైల్డ్ అనే లాయరు నిలబడ్డాడు. శాడ్లరే గెలిచాడు. అయినా డ్యూకు కడుపు చల్లారలేదు. తన ఇళ్ళల్లో ఉంటూ, తన నేల సాగు చేసుకుంటూ వైల్డ్‌కి ఓటు వేసినవాళ్ళకి ఖాళీ చేయమని నోటీసులిప్పించాడు.

గగ్గోలు లేచింది. బాధితులు పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. ఇదేం న్యాయం అని అడిగిన వాళ్ళకు డ్యూకు ఇచ్చిన జవాబు ఆ దేశ చరిత్రలో నిలిచిపోయింది. నా సొత్తును నేను నా ఇష్టం వచ్చినట్టు చేసుకోకూడదా? అన్నాడాయన. ఇందులో తమాషా ఏమిటంటే, న్యూఆర్క్ చుట్టూ ఆయన “నా సొత్తు” అన్న దాంట్లో కొంత ఆయనది కానే కాదు. రాచరికపు సర్కారు భూమి. ఆయన కూడా అక్కడ కౌలుదారే! సర్కారు నేలను కౌలుకు తీసుకుని, దాని మీద తన కింది కౌలుదార్లను ఓటు కోసం వెళ్ళగొట్టాడు. పార్లమెంటులో ఆ ప్రశ్న కూడా లేచింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, నిజాన్ని దాచకూడదు కదా. డ్యూకు నిలబెట్టిన ఆ శాడ్లరే తర్వాత 1832లో బట్టల మిల్లుల్లో పసిపిల్లల చాకిరీ మీద విచారణ కమిటీకి నాయకుడై, ఆ ఘోరాన్ని దేశం ముందు పెట్టాడు. ఆ ఏటి చివర న్యూఆర్క్ నుంచే డ్యూకు చలవతో ఇంకో కుర్రాడు మొదటిసారి పార్లమెంటులో అడుగుపెట్టాడు. వాడి పేరు గ్లాడ్‌స్టన్. నలభై ఏళ్ళ తర్వాత ఆ గ్లాడ్‌స్టన్ ప్రధానమంత్రిగా ఉండగానే 1872లో రహస్య ఓటు వచ్చింది. 1884లో పల్లెల్లోని వ్యవసాయ కూలీలకు ఓటు వచ్చింది ఆయన ప్రభుత్వం చేతనే. ఆడవాళ్ళకు అప్పటికీ లేదు. వీళ్ళంతా మంచివాళ్ళు కాబట్టి ఇచ్చారని నేననను. కింద నుంచి ఒత్తిడి లేకపోతే ఏ దొరా చెయ్యి తెరవడు. డ్యూకు పెట్టిన మొక్కే డ్యూకు గోడను పగలగొట్టిందని మాత్రం చెప్పొచ్చు.

1831 అక్టోబరులో ఏం జరిగిందో వినండి. ఓటు హక్కును కాస్త పెంచే బిల్లు ఒకటి వచ్చింది. ఊళ్ళో మనుషులే సరిగా లేని చోట్ల కూడా దొరలు తమకు కావలసిన సభ్యుల్ని పంపుకునే పద్ధతిని అది ఎత్తేస్తుంది. మన డ్యూకు చేతిలోనే ఆల్డ్‌బరో, బరోబ్రిడ్జ్ అనే అలాంటి పుచ్చు నియోజకవర్గాలుండేవి. అందుకని ఆయన బిల్లుకు బద్ధశత్రువు. అక్టోబరు 8న ప్రభువుల సభ బిల్లును తోసేసింది. 10వ తేదీన నాటింగ్‌హామ్ పట్నం జనం కొండ మీదున్న డ్యూకు గారి కోట ఎక్కి నిప్పు పెట్టారు. కోటలో ఆయన ఉండడం లేదు, ఆయన కాపురం క్లంబర్లో. క్లంబర్ మీదికి కూడా జనం వస్తారని భయపడి మేడ చుట్టూ ఫిరంగులు పెట్టించి, ఆయుధాలిచ్చి మనుషుల్ని కాపలా పెట్టాడు.

ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరికి ముట్టింది? ఆ అల్లర్ల కేసుల్లో బెక్, హియర్సన్, ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ముగ్గుర్ని 1832 ఫిబ్రవరిలో ఉరి తీశారు. డ్యూకుకు కాలిపోయిన కోట కింద 21,000 పౌండ్ల పరిహారం వచ్చింది. అదీ జనం కట్టే పన్నుల్లోంచే. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. ఆ డబ్బుతో ఆయన కోట బాగు చేయించనూ లేదు. నలభై ఏళ్ళకు పైగా మాడిన గోడలు అలాగే పట్నం నెత్తిన నిలబడ్డాయి. చూసి బుద్ధి తెచ్చుకోండి అన్నట్టు. చివరికి పురపాలక సంఘం వాళ్ళు కౌలుకు తీసుకుని 1878లో మ్యూజియం చేశారు. బిల్లు మటుకు 1832లోనే చట్టమైంది.

ఈ డ్యూకు రాసుకున్న డైరీలు నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. ఆయన పొలం దున్నినవాడు డైరీ రాయలేదు. అందుకే వాడి సంగతి కోర్టు కాగితాల్లో, జైలు పుస్తకాల్లో వెతుక్కోవలసి వస్తుంది.

కూలివాళ్ళ వైపు

కోట కాలడానికి సరిగ్గా ఏడాది ముందు, 1830లో దక్షిణ ఇంగ్లండు పల్లెలు భగ్గుమన్నాయి. చలికాలంలో కూలీలకు మిగిలే పని ఒక్కటే, గింజలు నూర్చడం. ఆ పనికి నూర్పిడి యంత్రాలు తెచ్చారు. కూలీలు రాత్రిపూట యంత్రాలు పగలగొట్టారు, గడ్డివాములు కాల్చారు. “కెప్టెన్ స్వింగ్” అనే లేని మనిషి పేరుతో కామందులకు ఉత్తరాలు పంపారు. 19 మందిని ఉరి తీశారు. 480 మందికి పైగా పెళ్ళాం బిడ్డల్ని వదిలి ఆస్ట్రేలియాకు ఓడలెక్కించారు. 1834లో డార్సెట్ జిల్లాలో టోల్‌పడిల్ అనే పల్లెలో కూలి వారానికి 9 షిల్లింగుల నుంచి 8కి, 7కి దించి, ఇంకా 6కి దించుతామన్నారు. కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘం పెట్టుకోవడం అప్పటికి నేరం కాదు. అందుకని సంఘంలో చేరేటప్పుడు రహస్య ప్రమాణం చేశారని ఇంకో చట్టం దుమ్ము దులిపి ఆరుగురికి ఏడేసి ఏళ్ళ ద్వీపాంతరం వేశారు. దేశమంతా గోల చేస్తే 1836లో క్షమించామన్నారు. కేసు కట్టాలనుకుంటే సెక్షను దొరకకపోవడమనేది ఏ దేశంలోనూ లేదు.

ఇక పని దొరకని కూలీ, ముసలీ ముతకా, మొగుడు పోయిన ఆడది ఎక్కడికి పోవాలి? ఆ సంగతికి కూడా క్లంబర్ జిల్లాయే దారి చూపించింది. సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1824లో బెచర్ అనే పాదిరి గారి ఆలోచనతో ఒక పెద్ద ఇటుకల భవనం కట్టారు. దాన్ని వర్క్‌హౌస్ అంటారు. తిండి పెడతారు, గుడ్డ ఇస్తారు, కాని లోపలికి వెళ్ళేటప్పుడు మొగుడు ఒక వైపు, పెళ్ళాం ఒక వైపు, పిల్లలు ఒక వైపు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా మధ్య గోడలు. మగవాళ్ళు రాళ్ళు కొట్టాలి, పాత తాళ్ళు పీచు పీచుగా విప్పాలి. మర్యాదగా బతికినవాడు చచ్చినా ఇక్కడికి రాకూడదు అనిపించేలా నడపాలన్నది వాళ్ళ సిద్ధాంతం. 1834లో వచ్చిన పేదల చట్టానికి ఈ సౌత్‌వెల్ ఒక నమూనా అయింది. దేశమంతటా వందల కొద్దీ అలాంటివి లేచాయి. ఒకే జిల్లాలో చూడండి, ఒక పక్క కిటికీలోంచి చూడ్డానికి చెరువు తవ్వించుకున్న మేడ, ఒక పక్క బిడ్డను చూడకుండా గోడ కట్టిన మేడ.

కూలీలు మళ్ళీ తల ఎత్తింది 1872లో. వారిక్‌షైర్‌లో వెల్స్‌బర్న్ అనే పల్లెలో ఫిబ్రవరి రాత్రి ఒక చెట్టు కింద సభ. చేతిలో లాంతర్లు. మాట్లాడింది జోసెఫ్ ఆర్చ్, కంచెచెట్లు కత్తిరించే పనిలో ఆరితేరిన కూలీ. చిన్నతనంలోనే బడి మానేసి పిట్టలు తోలడానికి పొలానికి వెళ్ళినవాడు. ఆ ప్రాంతంలో కూలి వారానికి 12 షిల్లింగులు. వాళ్ళడిగింది 16. ఆ ఏడే జాతీయ వ్యవసాయ కూలీల సంఘం పుట్టింది. 1874లో కామందులు సంఘం కార్డు ఉన్నవాళ్ళకు పని లేదని వేల మందిని నిలబెట్టేశారు. సంఘం బాగా దెబ్బతింది. కాని 1885లో, కూలీలకు ఓటు వచ్చిన తర్వాత మొదటి ఎన్నికల్లో, ఆర్చ్ నార్ఫక్ జిల్లా నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు.

జూదం, వజ్రం, కొల్లూరు

క్లంబర్‌కు వద్దాం. 1873లో ఇంగ్లండు ప్రభుత్వం ఎవరికెంత నేల ఉందో లెక్క తీసింది. బ్రిటన్ నేలలో ఐదింట నాలుగు వంతులు 7,000 మంది లోపు చేతుల్లో ఉందని దాంట్లో తేలింది. న్యూకాజిల్ డ్యూకు పేరిట 35 వేల ఎకరాల పైమాట. ఏడాదికి 70 వేల పౌండ్లకు పైగా కౌళ్ళు. మరి ఇంత ఉన్నవాడు ఎట్లా చెడిపోయాడు?

ఆరో డ్యూకు గుర్రప్పందేల పిచ్చివాడు. తండ్రి బతికి ఉండగానే అప్పులవాళ్ళకు భయపడి 1860లో దేశం వదిలి పారిపోయాడు. 1861లో హోప్ అనే మహా సంపన్నుడి కూతురిని పెళ్ళాడితే మామగారు అప్పులు తీర్చాడు. మళ్ళీ చేశాడు. 1870లో అప్పులవాళ్ళు దివాలా కోర్టుకు లాగితే, నేను ప్రభువును, నాకు దివాలా చట్టం వర్తించదన్నాడు. వర్తిస్తుందని ప్రభువుల సభే తీర్పు చెప్పింది. కూలీ బాకీ పడితే వర్క్‌హౌస్, డ్యూకు బాకీ పడితే పై కోర్టులో వాదన. ఈసారికి వాదన ఓడిపోయింది.

ఆ హోప్ కుటుంబం దగ్గరే ఉండేది నీలం రంగు హోప్ వజ్రం. ఇక్కడ కథ మన కృష్ణ ఒడ్డుకు వస్తుంది. టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు మన దేశం నుంచి పట్టుకుపోయి 1668లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన పెద్ద నీలి వజ్రాన్ని కోసి చెక్కగా మిగిలిందే ఇది. ఆ రాయి పల్నాడులోని కొల్లూరు గనిదే అయి ఉంటుందని రత్నాల నిపుణుల అభిప్రాయం. తాను మొదటిసారి వెళ్ళినప్పుడు కొల్లూరులో ఆడా మగా పిల్లా జెల్లా కలిపి దగ్గర దగ్గర 60 వేల మంది పని చేస్తున్నారని ఆ టావెర్నియే రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. ఆ కాలపు మరో వజ్రాల గనిలో పనివాడికి ఏడాదికి మూడు వరహాలు ముట్టేవని కూడా రాశాడు. ఏడాదికి!

డ్యూకు గారి చిన్న కొడుకు ఫ్రాన్సిస్‌కు అమ్మమ్మ వైపు నుంచి ఈ వజ్రం వచ్చింది. వజ్రంతో పాటు హోప్ అనే ఇంటి పేరూ పెట్టుకున్నాడు. తండ్రి పోలికే. 1890లలో దివాలా తీశాడు. వజ్రం అమ్ముతానంటే అక్కచెల్లెళ్ళు ఒప్పుకోక కోర్టుకెక్కారు. ఆఖరికి 1901లో అమ్ముకున్నాడు. ఇప్పుడది అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. కొల్లూరు పులిచింతల రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఈ ఫ్రాన్సిసే తర్వాత ఎనిమిదో డ్యూకు అయ్యాడు.

ఎందుకు కూలింది

1879 ఫిబ్రవరిలో ఆరో డ్యూకు చచ్చిపోయాడు. మార్చిలో మేడ అంటుకుని చాలా భాగం కాలిపోయింది. వారసుడు పద్నాలుగేళ్ళ పిల్లాడు. ఛార్లెస్ బ్యారీ అనే శిల్పి చేత మళ్ళీ కట్టించారు. ఆ పిల్లాడు, అంటే ఏడో డ్యూకు, పెద్దయ్యాక 1886 నుంచి 1889 దాకా 30 వేల పౌండ్లు పోసి ఆ చర్చి కట్టించాడు. అప్పటికే నేల మీద రాబడి పడిపోతోంది. అమెరికా మైదానాల గోధుమ రైళ్ళెక్కి, ఆవిరి ఓడలెక్కి వచ్చి పడింది. 1870 ప్రాంతంలో క్వార్టరు గోధుమ 55 షిల్లింగులు పలికేది. 1894లో 22 షిల్లింగుల 10 పెన్నీలకు పడింది. ధర పడితే కౌళ్ళు తగ్గాయి. కామందు నష్టాన్ని కూలి మీదకు తోశాడు, పల్లెలు ఖాళీ అయి జనం గనులకూ పట్నాలకూ పోయారు.

ఆ 1894లోనే ఆస్తి వారసత్వం మీద పన్ను వచ్చింది. మహా పెద్ద ఆస్తులకు మొదట నూటికి 8. 1919లో 40. 1949 నాటికి 80. మేడలన్నీ పడిపోవడానికి ఈ పన్నే కారణమని దొరల తరఫు పుస్తకాలు కన్నీళ్ళు పెడతాయి. 1900 నుంచి ఇంగ్లండులో వెయ్యికి పైగా ఇలాంటి మేడలు పోయాయి. 1974లో లండను మ్యూజియంలో వాటి ఫోటోలు పెట్టి పెద్ద ప్రదర్శన కూడా చేశారు. పన్ను కొంత కారణమే, కాదనను. కాని క్లంబర్ లెక్క చూడండి. పన్ను పుట్టక ముందే ఒక తరం గుర్రాల మీద పోగొట్టింది. చవగ్గా చాకిరీ చేసే నౌకర్లు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దొరకలేదు. కొడుకుల్ని యుద్ధానికి పంపిన తల్లులు కూతుళ్ళను దొర ఇంటి పొయ్యి తుడవడానికి పంపడం తగ్గించారు, ఫ్యాక్టరీలున్నాయి కదా. ఇవన్నీ కలిసి మేడను తిన్నాయి.

1937లో మేడలోని బొమ్మలు, సామాన్లు, పెద్ద లైబ్రరీ వేలానికి పెట్టారు. 1938లో మేడనే విప్పేశారు. చిన్న ఇల్లు కట్టుకుందామని ఎనిమిదో డ్యూకు కొడుకు అనుకున్నాడు. యుద్ధం వచ్చింది, కట్టలేదు. ఆ 1938లోనే ఇంకో చట్టం వచ్చింది. దొరల నేల కింద బొగ్గు తవ్వితే టన్నుకింత అని దొరకు కట్టే రాయల్టీని ప్రభుత్వం తీసేసుకుంది. ఊరికే కాదు, దేశమంతా కలిపి 6 కోట్ల 64 లక్షల పౌండ్ల పైగా పరిహారం ఇచ్చి. నేల కింద కోట్ల ఏళ్ళ నాటి బొగ్గు. తవ్వింది మాంటన్ గని లాంటి చోట్ల చీకట్లో కార్మికులు. పరిహారం పైనున్న దొరకి.

యుద్ధంలో పార్కు నిండా మందుగుండు పేర్చారు. 1941లో కందకాలు తవ్వే ఒక రాక్షస యంత్రాన్ని ఇక్కడే పరీక్షించారు, చర్చిల్ వచ్చి చూశాడు. అది యుద్ధంలో పనికి రాలేదు. 1946లో జనం చందాలతో, చుట్టుపక్కల కౌన్సిళ్ళ డబ్బుతో 45 వేల పౌండ్లు పోగేసి నేషనల్ ట్రస్టు అనే సంస్థ పార్కును కొంది. బొగ్గు పట్నాల కార్మికుల కుటుంబాలు సెలవురోజున అక్కడికి సైకిళ్ళ మీద వెళ్ళేవి. 1707లో కంచె వేసిన నేల కోసం 1946లో జనం చందా ఎత్తారు. లోపల తవ్విన బొగ్గుకు నేల కుంగి చెరువు గట్లు కూడా మళ్ళీ కట్టవలసి వచ్చింది. మాంటన్ గని 1994లో మూతపడింది.

మేడ పోయినంత మాత్రాన నేల దున్నేవాడి చేతికి రాలేదు. మొదటి యుద్ధం తర్వాత రెండు మూడేళ్ళలో దేశంలో దొరలు లక్షల ఎకరాలు అమ్మేశారు. కొన్నది ఎక్కువగా పెద్ద కౌలుదార్లు. కూలీకి ఒక్క సెంటు రాలేదు. యుద్ధకాలంలో పెట్టిన కనీస కూలిని కూడా 1921లో ఎత్తేశారు. వారానికి 46 షిల్లింగుల కూలి రెండేళ్ళలో దాదాపు సగానికి పడింది. 1923లో నార్ఫక్ కూలీలు సమ్మె కట్టి, ఇంకా దించకుండా ఆపగలిగారు. పాలేరుకు కామందు ఇచ్చే ఇల్లు సంగతి ఇంకా ఘోరం. పని పోయిన రోజే ఇల్లూ పోతుంది. నోరెత్తితే పెళ్ళాం బిడ్డలు వీధిలో. న్యూఆర్క్‌లో 1829లో డ్యూకు ఆడిన ఆటే అది. దాన్ని అడ్డే చట్టం కూలీల సంఘం దశాబ్దాలు పోరాడితే గాని రాలేదు. 1976లో వచ్చింది.

సౌత్‌వెల్ వర్క్‌హౌస్ మాత్రం గట్టిగా నిలబడే ఉంది. క్లంబర్ పార్కు కొన్న ఆ ట్రస్టే దాన్ని కూడా తీసుకుని 2002 నుంచి జనానికి చూపిస్తోంది. పిల్లల్ని వేరు చేసిన గోడలు కూడా అలాగే ఉంచారట.

లాక్స్‌టన్ సంగతి చెబుతానన్నాను. అక్కడ 1635లో వేసిన ఊరి పటం ఉంది. మూడు పెద్ద పొలాలు, కంచెల్లేవు. ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క పొలంలో పొడుగాటి చీలికలు. ఒక పొలంలో గోధుమ, ఒక దాంట్లో వసంతకాలపు పంట, ఒకటి బీడు, ఏడాదికోసారి మారుస్తారు. నేల ఎక్కువగా పక్కనున్న థోర్స్‌బీ ప్రభువులది. 1952లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ కొన్నది, 1981లో రాచభూముల సంస్థకు మారింది. 2020లో మళ్ళీ థోర్స్‌బీ ఎస్టేటే కొనుక్కుంది, అంటే తిరిగి తిరిగి పాత దొరల వారసుల దగ్గరికే. ఊరి పద్ధతి మాత్రం ఆగలేదు. ఏటా నవంబరు చివర్లో రైతుల్లోంచి ఎన్నుకున్న పంచాయతీదార్లు కొత్తగా విత్తిన పొలంలోకి దిగుతారు. సరిహద్దుల్లో కర్రమేకులు పాతుతారు. పక్కవాడి చీలికలోకో, ఉమ్మడి గడ్డి పట్టీలోకో ఎవడైనా నాగలి జరిపాడా అని చూస్తారు. జరిపితే వారం తర్వాత ఊరి కోర్టులో జరిమానా వేస్తారు.